ముందు నుంచి ఫిజిక్సు, వెనక నుంచి కొబ్బరి దింపు

కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు దారి వేశారు. 1940లో యుద్ధ అవసరాలకంటూ ఆ పట్టాలు పీకి పట్టుకుపోయారు. మళ్ళీ ఆ దారిన రైలు కూతపెట్టింది 2004లోనే. నేను ఎవరి కాగితాలు చూడ్డానికి బయల్దేరానో, ఆయన ఆ మొదటి పన్నెండేళ్ళలో సెలవులకి ఇంటికొచ్చేది ఆ రైల్లోనేనట. నేనూ అలాగే వెళ్దామనుకున్నాను గానీ వేళ కుదరక బస్సెక్కాను. ద్రాక్షారామం దాటాక రోడ్డుకి రెండు పక్కలా దాళ్వా చేలు. కోటిపల్లి రేవులో దిగేసరికి ఏరు దాటించే పంటు అవతలి గట్టున ఉంది.

అది ఇవతలికొచ్చి, మోటారు సైకిళ్ళూ అరటి గెలలూ ఒక పెళ్ళివారి బృందమూ ఎక్కి, మళ్ళీ కదిలేదాకా తొందరపడి చేసేదేమీ లేదు. గౌతమి అక్కడ బాగా వెడల్పు. మాఘమాసం కాబట్టి నీళ్ళు కిందికి దిగి ఇసుక తిన్నెలు బయటపడ్డాయి. ముక్తేశ్వరం వైపు దిగితే ఇంక కోనసీమే. అయినవిల్లి వెళ్ళే దారిలో ఆటో ఓ ఊరి మలుపు తిరిగింది. ఊరి పేరూ ఆయన పేరూ ఇంటివాళ్ళు రాయొద్దన్నారు, రాయను. ఊళ్ళో ఎవర్నడిగినా "ప్రొఫెసరు గారిల్లాండి? ఆయ్, అదిగోనండి" అని చెయ్యి చూపిస్తారు. ఆయన పోయి అరవై ఏళ్ళు కావస్తున్నా ఇల్లింకా ఆయనదే.

మిత్రుడి వాళ్ళ మామ్మగారు, అంటే ప్రొఫెసరు గారి చిన్నకోడలు, ఎనభై దాటిన మనిషి, గుమ్మంలోనే ఎదురొచ్చారు. ఇల్లు పడగొట్టి డాబా కట్టాలని పిల్లల ఆలోచన. పాత కాగితాలు సర్దడం నా పని కాబట్టి, పడగొట్టే ముందు అటక మీదున్న పెట్టెలు చూసిపొమ్మని మిత్రుడు పిలిచాడు.

ముందు హాల్లో గోడ చూపించారు. మద్రాసు విశ్వవిద్యాలయం ఎం.ఏ. పట్టా, గ్రూపు ఫొటోలు, ఒక సన్మాన పత్రం. (ఆ రోజుల్లో ఫిజిక్సు చదివినా ఇచ్చేది ఎం.ఏ. డిగ్రీయే. సి.వి. రామన్‌ది కూడా 1907 నాటి ఎం.ఏ.) పట్టాకి ఎవరో లామినేషన్ చేయించారు. నా ప్రాణం ఉసూరుమంది. ప్లాస్టిక్కుని వేడితో కాగితానికి అతికించాక ఇంక విడదీసే దారి ఉండదు, లోపల కాగితం పచ్చబడుతుంటే చూస్తూ కూర్చోవాల్సిందే. ఆయన చేత్తో రాసిన అక్షరం ఆ గోడ మీద ఒక్కటీ లేదు. పట్టాలు దాచుకోవడం, చిత్తు పుస్తకాలు పాత పేపర్లవాడికి తూకానికి వేసెయ్యడం మన ఇళ్ళలో ఆనవాయితీ. పట్టా నకలు కావాలంటే విశ్వవిద్యాలయం రికార్డుల్లో వెతుక్కోవచ్చు. చిత్తు పుస్తకానికి ఆ దిక్కు లేదు కదా!

అటక మీద నుంచి రెండు ట్రంకు పెట్టెలు దింపారు. మూడోది ఎప్పుడో పేపర్లవాడు పట్టుకుపోయాడని మామ్మగారు తాపీగా చెప్పారు. మూత తియ్యగానే కలరా ఉండల ఘాటు, దాని కింద ఎండిన వేపాకు, దాని కింద బూజు వాసన. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వీటిని తాకలేదు, అటక పుణ్యమా అని. 1996 నవంబరు తుపానుకి మాత్రం పెంకులు లేచిపోయి ఒక పెట్టెలోకి నీరు దిగింది. అందులో అడుగున ఉన్న ఉత్తరాలు అట్ట కట్టేశాయి. వాటిని నేను ముట్టుకోలేదు. అతుక్కున్న కాగితాన్ని గోటితో లాగితే అక్షరాలు ఎదుటి కాగితానికి వెళ్ళిపోతాయి. ఆ పని తెలిసినవాళ్ళు బల్ల మీద పెట్టుకుని చెయ్యాల్సింది. మిగతావి వసారాలో నులక మంచాల మీద, ఎండ తగలకుండా పరిచాం.

విశాఖపట్నంలోని వాల్తేరుకి వెళ్ళకముందు ఆయన డెల్టాలోనే ఒక కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆ కాలపు బోధన నోటు పుస్తకం ఒకటి పూర్తిగా ఉంది. స్థిర విద్యుత్తు ప్రయోగాలు పుష్యమాఘాల్లోనే పెట్టుకోవాలని మొదటి పేజీలోనే రాసుకున్నారు. ఎందుకో డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఎబొనైటు కడ్డీ మీదా గాజు మీదా కంటికి కనపడని నీటి పొర పడుతుంది. విద్యుదావేశం నిలవదు, కారిపోతుంది. ఆ ఆవేశాన్ని చూపించే ఎలక్ట్రోస్కోపులో విచ్చుకోవాల్సిన బంగారు రేకులు పాఠం మధ్యలోనే వాలిపోతాయి. ఇంగ్లండులో అచ్చయిన పుస్తకం ఏ నెలలో చెయ్యాలో చెప్పదు. ఈయన పాఠాల వరస మొత్తం పంచాంగాన్ని బట్టి మార్చుకున్నారు: వానాకాలంలో శబ్దమూ కాంతీ, చలికాలంలో విద్యుత్తు. దాని వెనకే కరెంటు కొలిచే గాల్వనోమీటరు తీగ తెగిందని, కొత్తది తెప్పించమని అడుగుతూ రాసిన అర్జీల చిత్తు ప్రతులు. ఒకే అర్జీ, తేదీ మార్చి మళ్ళీ, మళ్ళీ తేదీ మార్చి మళ్ళీ. నాకైతే నవ్వొచ్చింది, ఆయనకి వచ్చి ఉండదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరింది. ఆ తరవాత కొన్నాళ్ళకి ఆయన అక్కడికి వెళ్ళారు. నేను ఎక్కువసేపు గడిపింది ఆ వాల్తేరు రోజుల నల్ల అట్ట పుస్తకంతోనే. కలకత్తాలో రామన్, కె.ఎస్. కృష్ణన్ కలిసి 1928 ఫిబ్రవరి 28న చూసినదాన్ని, అంటే ద్రవంలో చెదిరిన కాంతిలో కొంత రంగు మారడాన్ని, ఈయన తన చేతుల్తో మళ్ళీ చేసి చూడాలనుకున్నారు. పాదరస దీపం నీలి వెలుగుని, అంటే 4358 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యమున్న గీతని, గొట్టంలోని బెంజీను మీదికి పంపడం, పక్కకి చెదిరి వచ్చిన కాంతిని, రంగులుగా విడదీసే స్పెక్ట్రోగ్రాఫు గుండా, ఫొటో తీసే గాజు ప్లేటు మీదికి పట్టడం. చెదిరే కాంతిలో రంగు మారేది రవ్వంతే కాబట్టి ఒక్క ప్లేటు కోసం గంటల తరబడి కాచుకోవాలి. ఈలోగా గది వేడి మారితే పట్టకం గుణం మారి గీత అలుక్కుపోతుంది. అందుకని రాత్రంతా గంటగంటకీ ఉష్ణోగ్రత రాశారు. తెల్లవారుజామున మూడింటి అంకె మీద సిరా చుక్క పడింది, నిద్రకి తూలారో ఏమో. కింద వరసగా, మారిన రంగు అసలు రంగుకి ఎంత ఎడంగా పడిందో కొలిచిన అంకెలు: 989, 994, 991. వాటికి సగటు కట్టి, పక్కన చిన్న టిక్కు. బెంజీనుకి ఇప్పటి పుస్తకాల్లో ఉండే ఆ తేడా, తరంగసంఖ్యలో, 992. ఈయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ అంకెల ముందు కూర్చుంటే నాకు ఆ లోటేమీ తోచలేదు.

ఇంక అదే పుస్తకాన్ని తిరగేసి వెనక అట్ట నుంచి తెరిస్తే వేరే లోకం. శ్రీముఖ నామ సంవత్సరం పుష్యమాసం, కొబ్బరి దింపు లెక్క. ఏ తోటలో ఎన్ని చెట్లు, ఎన్ని కాయలు దిగాయి, దింపువాళ్ళ కూలి ఎంత, అంబాజీపేట మార్కెట్టుకి పంపినవెన్ని, గుడికిచ్చినవెన్ని. ముందువైపు తేదీ 1933 డిసెంబరు, శ్రీముఖ పుష్యమంటే సరిగ్గా ఆ రోజులే. సెలవులకొస్తూ ఈ పుస్తకం చేతిలో పట్టుకొచ్చి ఉంటారు. ముందు నుంచి ఇంగ్లీషులో బెంజీనూ వెనక నుంచి తెలుగులో కొబ్బరికాయా నడుచుకుంటూ వచ్చి, మధ్యలో నాలుగు తెల్లకాగితాల దూరంలో ఆగిపోయాయి. ఒక రాతకీ ఇంకో రాతకీ దస్తూరీ కూడా వేరే మనిషిదిలా ఉంది.

మధ్యాహ్నం పనసపొట్టు కూరతో భోజనం. ఆవ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటుంటే మామ్మగారు 1942 కబుర్లు చెప్పారు, అత్తగారి నోట విన్నవి. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. ఆయన ఒక సంచీతో గుంటూరు వెళ్తూ సామానంతా ఇంటికి పంపేశారు. అప్పటికి కోటిపల్లి రైలు లేదు, పెట్టెలు కాలవ పడవ మీద వచ్చాయి. "గాజు బిళ్ళలున్నాయి జాగ్రత్తని మావగారు ఉత్తరం రాస్తే, మా అత్తగారు గాజులనుకుని పూజగదిలో పెట్టించారు నాయనా!"

ఆ బిళ్ళలు ఇంకా ఉన్నాయి, ఒక బిస్కెట్ల డబ్బాలో. చాలావాటి మీద జెలటిన్ పొరని బూజు తినేసింది. కిటికీకి ఎత్తి పట్టుకుంటే ఒకదాని మీద మాత్రం దట్టమైన గీతా, దానికి ఎడంగా వెంట్రుకవాసి సన్నటి గీతా కనిపించాయి. తుడవబోయిన మిత్రుడి చెయ్యి పట్టుకుని ఆపాను. ఒక్కో ప్లేటూ విడిగా కాగితంలో చుట్టి, పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి సర్దాం.

పుస్తకాలు పేజీ పేజీ ఫొటో తీశాను. అసలు కాగితాలు ఎక్కడికి వెళ్ళాలన్న మాట సాయంత్రానికి వచ్చింది. మిత్రుడు విశ్వవిద్యాలయానికి ఇచ్చేద్దామన్నాడు. వాళ్ళ బాబాయి ఫోన్లో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో అడిగి చూడమన్నాడు. నా మటుకు నాకు, ఎక్కడికి వెళ్ళినా పెట్టెలు విడదీయకుండా వెళ్ళాలి. బోధన పుస్తకం ఒకచోటికీ ప్లేట్లు ఇంకోచోటికీ పోతే రెండూ మూగవవుతాయి. అంతసేపూ వింటూ కూర్చున్న మామ్మగారు ఎవరికిచ్చినా తనకి అభ్యంతరం లేదన్నారు. నేను సంచీ సర్దుకుంటుంటే దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"ఆ నల్ల పుస్తకం వెనక దింపు లెక్కలున్నాయి చూడూ, అవి మాత్రం ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి నాయనా. కాలవ గట్టు తోట హద్దుల మీద కోర్టులో దావా నడుస్తోంది. మా బావగారి పిల్లలు అందులో చెట్లు తమవంటున్నారు. మావగారు చెట్ల లెక్క రాశారన్నావుగా, మా ప్లీడరు గారికి ఆ పేజీ ఫొటో పంపగలవా?"