బ్రౌజరు మాటను సర్వరు ఎంతవరకు నమ్మాలి: పర్లాకిమిడి మందుల ఆర్డర్ల అప్లికేషనుతో నా అనుభవం

పర్లాకిమిడిలో మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక కుటుంబానికి, లైనుకు (దుకాణాలు తిరిగే మార్గానికి) వెళ్ళే ఉద్యోగులు ఫోను బ్రౌజరు నుంచి ఆర్డర్లు పంపేందుకు వాడే వెబ్ అప్లికేషను ఉంది. దాన్ని భద్రంగా తీర్చిదిద్దే పని నిరుడు నా చేతికి వచ్చింది. గోదాము ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్నా, కొనే దుకాణాల్లో చాలా భాగం ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం వైపు ఉన్నాయి. మిగిలినవి కాశీనగరం, గుణుపురం, ఆర్. ఉదయగిరి వైపు ఉన్నాయి. రెండు రాష్ట్రాల పన్ను లెక్కలు, రెండు లిపుల్లో దుకాణాల పేర్లు, రెండు టెలికాం సర్కిళ్ళ మధ్య మారుతూ ఉండే సిగ్నలు, ఇవన్నీ ఒకే అప్లికేషనులో కలిశాయి. బ్రౌజరు పంపే సమాచారంలో దేన్ని సర్వరు నమ్మవచ్చు, దేన్ని తానే తేల్చుకోవాలి అన్న ప్రశ్న ఇక్కడ ప్రతి అడుగులోనూ ఎదురైంది.

అంతకు ముందు ఈ అప్లికేషనును తయారు చేసిన వారు తెరను చక్కగా, వేగంగా పనిచేసేలా రూపొందించారు. అయితే బ్రౌజరులోకి దిగే జావాస్క్రిప్ట్ ఫైలును తెరిచి చూస్తే, డేటాబేసు సేవకు సంబంధించిన పూర్తి అధికారాలున్న తాళం (లోపలికి అనుమతించే రహస్య సంకేతం) అందులోనే కనిపించింది. ఫైలును కుదించి, చలరాశుల పేర్లను ఒక్క అక్షరానికి తగ్గించినంత మాత్రాన అది రహస్యం కాదు. బ్రౌజరులోనే ఉండే డెవలపర్ పరికరాలతో ఎవరైనా దాన్ని చదవగలరు. అప్లికేషన్లకు అనుమతులు ఇచ్చే పద్ధతిని నిర్దేశిస్తూ 2012లో వెలువడిన ఓఆత్ 2.0 ప్రమాణం ఈ సంగతిని స్పష్టంగా గుర్తించి, రహస్యాన్ని దాచుకోగల క్లయింట్లను (అనుమతి కోరే అప్లికేషన్లను) ఒక తరగతిగా, దాచుకోలేని వాటిని మరొక తరగతిగా విడదీసింది; బ్రౌజరులో నడిచే అప్లికేషను రెండో తరగతికి చెందుతుంది. అందువల్ల మొదట ఆ తాళాన్ని రద్దు చేయించాను. ఫైలులోంచి తొలగించి పాత తాళాన్ని అలాగే చెల్లనివ్వడం వల్ల ప్రయోజనం లేదు, ఎందుకంటే పాత ఫైలు ఎన్ని ఫోన్లలో, ఎన్ని క్యాషెలలో (తాత్కాలిక నిల్వల్లో) నిలిచి ఉందో ఎవరూ చెప్పలేరు. ఆ తరువాత బ్రౌజరుకు, డేటాబేసుకు మధ్య సొంత సర్వరును నిలబెట్టి, డేటాబేసు ద్వారం ఆ సర్వరుకు మాత్రమే తెరుచుకునేలా చేశాను.

సర్వరును మధ్యలో పెట్టినంత మాత్రాన పని పూర్తి కాలేదు. పాత పద్ధతిలో పన్ను, స్కీము తగ్గింపు, మొత్తం ధర అన్నీ తెరపైనే లెక్కగట్టబడి, తుది సంఖ్య మాత్రమే లోపలికి వెళ్ళేది. మా సరిహద్దు వ్యాపారంలో ఇది చిన్న విషయం కాదు. కొనుగోలుదారు జీఎస్టీ నంబరు 21తో మొదలైతే అది ఒడిశా దుకాణం, కేంద్ర, రాష్ట్ర పన్నులు చెరి సగం పడతాయి; 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ దుకాణం, అంతర్రాష్ట్ర పన్ను పడుతుంది. జీఎస్టీ నంబరు లేని చిన్న దుకాణానికి సరుకు చేరే చిరునామానే ఆధారం చేసుకోవాలి. ఇప్పుడు బిల్లు లెక్క కోసం బ్రౌజరు పంపేది మూడే అంశాలు: ఏ దుకాణం, ఏ మందు, ఎంత. ధరను, పన్ను రకాన్ని, స్కీమును సర్వరు తన రికార్డుల్లోంచి తీసుకుంటుంది. తెరపై కనిపించే మొత్తం ఉద్యోగి సౌకర్యం కోసమే తప్ప బిల్లుకు ఆధారం కాదు. మందులను హోల్‌సేల్‌గా లైసెన్సు ఉన్న వారికే అమ్మాలి కనుక, దుకాణం లైసెన్సు గడువు తీరిందా లేదా అన్న పరీక్షను కూడా సర్వరులోనే ఉంచాను; తెరపై ఆర్డరు బటనును మసకబార్చడం ఒక సూచన మాత్రమే, అడ్డుగోడ కాదు.

ఈ మార్పును వివరించినప్పుడు షావుకారు గారు, “మన కుర్రాళ్ళను మనమే నమ్మకపోతే ఎలా బాబూ?” అని అడిగారు. ప్రశ్న న్యాయమైనదే. “మీ కుర్రాళ్ళ మీద అనుమానం లేదండీ. కానీ సర్వరుకు వారి ముఖం కనిపించదు, వచ్చిన అభ్యర్థన మాత్రమే కనిపిస్తుంది. అదే అభ్యర్థనను బ్రౌజరు లేకుండా, ఎక్కడో కూర్చున్న అపరిచితుడు కూడా తయారు చేయగలడు” అని చెప్పాను. నిజానికి ఈ జాగ్రత్త ఉద్యోగులకే రక్షణ, ఎందుకంటే ధర తారుమారైన బిల్లు బయటపడితే మొదట అనుమానం పడేది వారి మీదే.

దీనికి సన్నిహితంగా ఉన్న మరో సమస్య మీద ఎక్కువ సమయం పెట్టవలసి వచ్చింది. ఆర్డరు వివరాలు చూపే చిరునామాలో ఆర్డరు సంఖ్య ఉంటుంది; దాన్ని ఒకటి పెంచి అడిగితే మరొక దుకాణం ఆర్డరు వచ్చేది. లాగిన్ అయ్యారా అని సర్వరు అడుగుతోంది కానీ, ఈ ఆర్డరు వీరికి చెందినదేనా అని అడగడం లేదు. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ సంస్థ ఏపీఐ (అప్లికేషన్ల అభ్యర్థనలను అందుకునే సర్వరు ద్వారం) ప్రమాదాల జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం దీనికే ఇచ్చింది, అది సమంజసమని నా అభిప్రాయం, ఎందుకంటే తెరను ఎంత పరిశీలించినా ఈ లోపం కనిపించదు. సంఖ్యలకు బదులు ఊహించలేని పొడవాటి గుర్తులు వాడమని కొందరు సలహా ఇస్తారు. అది మంచిదే కానీ పరిష్కారం కాదు. గుర్తు ఎలాగో బయటపడితే మళ్ళీ అదే పరిస్థితి. ప్రతి డేటాబేసు ప్రశ్నలోనూ లాగిన్ అయిన ఉద్యోగి లైనును షరతుగా చేర్చి, ఆ షరతు లేకుండా ఆర్డర్ల పట్టికను చదివే దారే లేకుండా ఒకే మాడ్యూలులోకి అంతా చేర్చాను. గుణుపురం లైను ఉద్యోగి పాతపట్నం ఆర్డరు అడిగితే ఇప్పుడు “కనబడలేదు” అన్న జవాబే వస్తుంది, అనుమతి లేదని కాదు. అనుమతి లేదని చెప్పడమంటే అలాంటి ఆర్డరు ఉందని ఒప్పుకోవడమే.

లాగిన్ తరువాత గుర్తింపును ఎక్కడ ఉంచాలన్నది తరువాతి ప్రశ్న. పాత అప్లికేషను టోకెనును (లాగిన్ అయినట్టు చూపే గుర్తును) లోకల్ స్టోరేజీ అనే బ్రౌజరు నిల్వలో ఉంచేది. ఆ పేజీలో నడిచే ఏ స్క్రిప్టు అయినా దాన్ని చదవగలదు. మనం రాసిన స్క్రిప్టు, బయటి లైబ్రరీ తెచ్చిన స్క్రిప్టు, ఎవరో చొప్పించిన స్క్రిప్టు అన్న తేడా బ్రౌజరుకు ఉండదు. 2005 అక్టోబరులో మైస్పేస్‌లో ఒక యువకుడు తన ప్రొఫైలులో చొప్పించిన స్క్రిప్టు ఒక్క రోజు తిరగకుండానే పది లక్షలకు పైగా ఖాతాలకు పాకింది. కనుక టోకెనును పూర్తిగా తీసివేసి, సర్వరులో నిల్వ ఉండే సెషనును (లాగిన్ రికార్డును), దానిని గుర్తించే కుకీని (బ్రౌజరు ప్రతి అభ్యర్థనతో పంపే చిన్న గుర్తును) ఎంచుకున్నాను. ఆ కుకీకి జావాస్క్రిప్టు చదవలేని హెచ్‌టీటీపీ ఓన్లీ లక్షణాన్ని, ఎన్‌క్రిప్టు చేసిన మార్గంలోనే వెళ్ళే సెక్యూర్ లక్షణాన్ని ఇచ్చాను. ఒక విషయం దాచకుండా చెప్పాలి: చొప్పించిన స్క్రిప్టు ఆ పేజీ తెరిచి ఉన్నంతసేపు ఉద్యోగి పేరుతో అభ్యర్థనలు పంపగలదు, దాన్ని ఈ కుకీ ఆపలేదు. అయితే గుర్తింపును దొంగిలించి వేరే చోటికి పట్టుకుపోవడం మాత్రం దీనితో ఆగుతుంది.

కనుక చొప్పింపునే అరికట్టాలి. ఇక్కడ మా ప్రాంతపు రెండు లిపులు ఒక పాఠం నేర్పాయి. దుకాణం పేరులోనూ, డెలివరీ సూచనలోనూ ఆంగ్ల అక్షరాలు, అంకెలు తప్ప మరేదీ అనుమతించకుండా వడగట్టాలని ఒక ప్రతిపాదన వచ్చింది. అలా చేస్తే తెలుగులో, ఒడియాలో పేర్లు రాసుకున్న ప్రతి దుకాణదారుడూ తన పేరు కోల్పోతాడు. పైగా అపాయం అక్షరాల్లో లేదు. వచ్చిన పాఠ్యాన్ని పేజీని నిర్మించే హెచ్‌టీఎంఎల్ కోడుగా భావించి పేజీలోకి ఎక్కించే పద్ధతిలో ఉంది. పాత కోడులో సూచనలను ఇన్నర్ హెచ్‌టీఎంఎల్ ద్వారా తెరపై ఉంచేవారు. అలాంటి ప్రతి చోటునూ వెదికి, పాఠ్యాన్ని పాఠ్యంగానే చూపేలా మార్చాను. ఎవరు ఏ లిపిలో ఏమి రాసినా అది కేవలం అక్షరాలుగా కనిపిస్తుంది. దానికి తోడు కంటెంట్ సెక్యూరిటీ పాలసీ శీర్షికను (జవాబుతో పాటు వెళ్ళే సూచనను) చేర్చి, మా సొంత డొమైను నుంచి వచ్చిన స్క్రిప్టులు తప్ప మరేవీ నడవకూడదని బ్రౌజరుకు చెప్పాను. మొదట ఉల్లంఘనలను నివేదించడానికి మాత్రమే పరిమితమైన రూపంలో పెట్టి, నివేదికల్లో కనిపించిన పాత ఇన్‌లైన్ స్క్రిప్టులను (పేజీలోనే రాసినవాటిని) ఒక్కొక్కటిగా బయటి ఫైళ్ళలోకి మార్చిన తరువాతే దాన్ని అమలులోకి తెచ్చాను.

చాలామందిని తికమక పెట్టేది కార్స్. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ నావిగేటర్ 2 బ్రౌజరు కాలంలో వచ్చిన సేమ్ ఆరిజిన్ నియమం ప్రకారం ఒక మూలం నుంచి దిగిన స్క్రిప్టు వేరొక మూలం ఇచ్చే జవాబును చదవకూడదు. ప్రోటోకాలు, హోస్టు పేరు, పోర్టు, ఈ మూడూ కలిస్తేనే మూలం. సర్వరు ఇష్టపడితే ఆ నియమాన్ని సడలించే మార్గమే కార్స్. అది సర్వరుకు కాపలా కాదు. ఇతరుల వెబ్‌సైటు మన వాడుకరి బ్రౌజరు ద్వారా జవాబును చదవకుండా ఆపేది బ్రౌజరు మాత్రమే. బ్రౌజరు లేకుండా, టెర్మినల్ నుంచి కర్ల్ ఆదేశంతో వచ్చే అభ్యర్థనకు కార్స్‌తో సంబంధమే లేదు. కొన్ని సాధారణ అభ్యర్థనలైతే సర్వరుకు చేరి పని జరిగిపోయాక, జవాబు చదవడం మాత్రమే ఆగుతుంది. కుకీలు ఉన్నప్పుడు నక్షత్రం గుర్తును (ఏ మూలానికైనా అనుమతి అనే అర్థం) బ్రౌజర్లు ఒప్పుకోవు కనుక, కొన్ని సర్వర్లు ఏ మూలం అడిగితే ఆ మూలాన్నే జవాబులో తిరిగి రాసి అనుమతి ఇస్తాయి. అది నక్షత్రం కన్నా ప్రమాదకరం, ఎందుకంటే లాగిన్ అయిన వ్యక్తి సమాచారాన్ని ప్రపంచంలోని ప్రతి వెబ్‌సైటుకూ చదవడానికి ఇచ్చినట్టే. నేను ఎంజినెక్స్ అనే వెబ్ సర్వరు ద్వారా తెరను, ఏపీఐని ఒకే మూలం కిందికి తెచ్చాను. దానితో కార్స్ అవసరమే తొలగిపోయింది, జేసన్ రూపంలో డేటా పంపే అభ్యర్థనకు ముందు అనుమతి అడుగుతూ వెళ్ళే ప్రీఫ్లైట్ ప్రశ్న కూడా తగ్గింది. కొండ దారుల్లో బలహీనమైన సిగ్నలుతో పనిచేసే వారికి ఆ ఒక్క రాకపోక తగ్గడమే కనిపించేంత మేలు చేసింది.

కుకీలను ఎంచుకున్నప్పుడు వాడుకరికి తెలియకుండా వేరే సైటు నుంచి అభ్యర్థన పంపించే దాడిని కూడా ఎదుర్కోవాలి. వేరే సైటు నుంచి మొదలైన అభ్యర్థనతో కుకీ వెళ్ళాలా వద్దా అన్నది తేల్చే సేమ్‌సైట్ లక్షణాన్ని స్పష్టంగా ‘స్ట్రిక్ట్’ (వెళ్ళకూడదు) అని పెట్టాను. పేర్కొననప్పుడు క్రోమ్ 2020 నుంచి కొంత సడలింపు ఉన్న ‘లాక్స్’గా భావిస్తున్నా, బ్రౌజరు అలవాటుకు వదిలేయడం నాకు నచ్చలేదు. సైటు అంటే మూలం కాదు, ఒకే డొమైను కింద ఉన్న ఉపడొమైన్లన్నీ ఒకే సైటుగా లెక్కకు వస్తాయి. అందువల్ల సమాచారాన్ని మార్చే ప్రతి అభ్యర్థనలోనూ అది ఏ మూలం నుంచి వచ్చిందో చెప్పే ఆరిజిన్ శీర్షికను సర్వరు సరిచూస్తుంది. మార్గాన్ని ఎన్‌క్రిప్టు చేసే టీఎల్‌ఎస్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు: లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం దానంతట అదే పునరుద్ధరించుకునేలా, పాత 1.0, 1.1 రూపాలు పనిచేయకుండా ఏర్పాటు చేశాను.

సరిహద్దు అసలు కష్టం ఆ తరువాత తెలిసింది. పాత వ్యవస్థలో భద్రత పేరుతో సెషనును ఐపీ చిరునామాకు ముడిపెట్టారు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం వైపు సాగితే ఫోను ఒడిశా సర్కిలు టవరును వదిలి ఆంధ్ర సర్కిలు టవరును పట్టుకుంటుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ మారుతుంది. దానితో చిరునామా మారి, ఆర్డరు సగంలో ఉండగా ఉద్యోగి బయటికి నెట్టబడేవాడు. విసిగిన ఉద్యోగులు పాస్‌వర్డును ఫోను వెనుక కాగితంపై రాసి అంటించుకున్నారు. ఆ ముడిని తీసివేసి, సెషనుకు నిర్దిష్టమైన గడువు పెట్టి, లాగిన్ అయిన ప్రతిసారీ కొత్త సెషను గుర్తును జారీ చేసి, బ్యాంకు ఖాతా వివరాల వంటి సున్నితమైన మార్పులకు మాత్రం పాస్‌వర్డును మళ్ళీ అడుగుతున్నాను. సిగ్నలు లేనప్పుడు ఆర్డర్లు ఫోను బ్రౌజరులోని ఇండెక్స్డ్ డీబీ అనే నిల్వలో నిలిచి, దొరకగానే బయలుదేరతాయి. ఒకే ఆర్డరు రెండుసార్లు చేరినా రెండు బిల్లులు పడకుండా, ఆర్డరు పుట్టినప్పుడే దానికి ఒక ప్రత్యేక గుర్తును బ్రౌజరు ఇస్తుంది. ఆ గుర్తును ఇంతకు ముందే చూసి ఉంటే సర్వరు పాత జవాబునే తిరిగి ఇస్తుంది.

సర్వరులో సెషను ఉంచడం పాత పద్ధతి అని, వాడుకరి వివరాలను తమలోనే మోసే, సర్వరు డిజిటల్ సంతకం చేసిన జేడబ్ల్యూటీ టోకెన్లు వాడితే డేటాబేసు చూడనవసరం లేదని కొందరు మిత్రులు వాదించారు. ఎన్నో సర్వర్లు ఉన్న పెద్ద సంస్థకు ఆ వాదనలో బలం ఉంది. మా పరిస్థితిలో, గుణుపురం బస్సులో ఒక ఉద్యోగి ఫోను పోగొట్టుకున్న రోజున సెషను పట్టికలోంచి ఒక్క వరుసను తొలగించడంతో ఆ ఫోను చేతిలో ఉన్నవారికి అప్లికేషను మూతపడింది. జేడబ్ల్యూటీ అయితే గడువు తీరే దాకా చెల్లేది, లేదంటే రద్దయిన వాటి జాబితాను నిల్వ చేసుకుని మళ్ళీ డేటాబేసునే చూడవలసి వచ్చేది.

ఇప్పుడు ప్రతి మార్పుకు ముందు నడిచే పరీక్షలను తెర వైపు నుంచి కాకుండా నేరుగా ఏపీఐ మీదే రాస్తున్నాను: ఒక లైను ఉద్యోగి మరో లైను ఆర్డరు అడగడం, ధరను అదనపు అంశంగా చేర్చి పంపడం, గడువు తీరిన సెషనుతో రావడం, వేరే మూలం పేరుతో రావడం, వీటిలో ఏ ఒక్కదానికి తప్పుడు జవాబు వచ్చినా మార్పు సర్వరుకు ఎక్కదు. ప్రస్తుతం గోదాములో స్టాకు మారగానే ఫోన్లకు తెలిసేలా వెబ్‌సాకెట్‌ను (బ్రౌజరుకు, సర్వరుకు మధ్య తెరిచే ఉండే అనుసంధానాన్ని) చేరుస్తున్నాను. ఆ అనుసంధానానికి కార్స్ నియమాలు వర్తించవు, కుకీ మాత్రం దానితో పాటు వెళుతుంది. అందువల్ల అనుసంధానం మొదలయ్యే క్షణంలోనే ఆరిజిన్ శీర్షికను, సెషనును సరిచూసి, ఆ తరువాత వచ్చే ప్రతి సందేశానికీ లైను షరతును వర్తింపజేసే కోడును ముందుగా రాసి, దాని పరీక్షలు పూర్తయ్యాకే తెర పని మొదలుపెడతాను.