ఇద్దరి విశాఖ

పెళ్లయిన కొత్తలో మేము కాపురం పెట్టింది విశాఖపట్నంలో. మావారికి షిప్‌యార్డులో ఉద్యోగం. పెదవాల్తేరులో మేడమీద రెండు గదుల వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. హైదరాబాదులో స్థిరపడ్డాక పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లి రావడమే తప్ప, మేము ఉన్న చోట్లు చూసుకుందామని వెళ్లింది లేదు. ఈ వైశాఖంలో ఆ పని పెట్టుకున్నాం. "ఈ ఉక్కపోతలో సముద్రపు ఊరికి ఎవరు వెళ్తారమ్మా" అని మా అమ్మాయి వారించింది గానీ, మేము అక్కడ మొదట అడుగుపెట్టింది ఎండాకాలంలోనే కనుక ఇప్పుడూ అలాగే వెళ్లాలని మావారు పట్టుబట్టారు.

గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగగానే ఆ జిగట గాలి ఒంటిని పట్టుకుంది. నేరుగా పెదవాల్తేరు వెళ్లాం. మా ఇల్లు నిలిచే ఉంది. ఇప్పుడది చదువుకునే పిల్లల హాస్టల్. "పిల్లలు సెలవులకు ఊళ్లకెళ్లిపోయారు, పైకెళ్లి చూసుకోండమ్మా" అంది అక్కడ పని చూసుకునే ఆవిడ. పెరటి బాదంచెట్టు 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకు కూలిపోయిందట. మెట్ల పక్క ఇనుప చువ్వలు ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచిపోగా, ఎప్పటికప్పుడు ఆ పెచ్చుల మీదే రంగు పూస్తూ వచ్చినందువల్ల చేతికి గరుకుగా, ఉన్నదానికి రెట్టింపు లావుగా తగిలాయి. వంటింటి కిటికీ గడియకు నేను వారం వారం కొబ్బరినూనె రాసేదాన్ని, లేకపోతే తుప్పుతో బిగుసుకుపోయేది. ఇప్పుడక్కడ అల్యూమినియం తలుపులు బిగించారు.

"సముద్రం ఇటు కనిపించేది" అన్నారు మావారు మెట్ల వైపు చూపిస్తూ. కాదు, వంటింటి కిటికీలోంచి అన్నాను నేను. ఇప్పుడు రెండు వైపులా అపార్టుమెంట్లే కనుక తేల్చుకునే వీలు లేకపోయింది. తెల్లవారుజామున డ్యూటీకి దిగుతూ ఆయన చూసినది ఒకటి, పొయ్యి దగ్గర నిలబడి నేను చూసినది మరొకటి. ఊరి సంగతీ అంతేనని ఆ తరువాత తెలిసివచ్చింది.

ఆయన విశాఖ సింధియా జంక్షన్ దగ్గర మొదలవుతుంది. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ 1941లో అక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది వేసింది. స్వతంత్ర భారతంలో కట్టిన తొలి పెద్ద నౌక 'జలఉష'ను 1948లో నెహ్రూ గారు అక్కడే జలప్రవేశం చేయించారు. మాకిప్పుడు లోపలికి ప్రవేశం లేదు కనుక, రోడ్డు మీదినుంచి క్రేన్ల తలలు చూస్తూ నిలబడ్డాం. వాలుగా కట్టిన దిమ్మెల మీద జిడ్డు పట్టించి, ఆపి ఉంచిన ఆధారాలు తీసివేస్తే అంత నౌకా తన బరువుతోనే నీళ్లలోకి ఎలా జారుతుందో ఆయన చేతులతో చూపిస్తూ చెప్పారు. ఇన్నేళ్ల కాపురంలో నాకు తెలిసిందల్లా ఆయన చొక్కాల మీది గ్రీజు మరకలే.

నా విశాఖ పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, బురుజుపేట. కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు ఉండదనీ, ఎవరి చేతులతో వాళ్లే అమ్మవారికి పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చుననీ మావారికి తెలియదంటే నాకు నవ్వు వచ్చింది. అన్నేళ్లు ఆ ఊళ్లో ఉండి ఆయన అటు తొంగిచూడనే లేదు.

బీచ్ మాత్రం ఇద్దరిదీ. అప్పట్లో లేని కురుసుర జలాంతర్గామి ఇప్పుడు ఒడ్డున ఉంది. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో ప్రదర్శనశాల అయింది. మావారు వరుసలో నిలబడి లోపలికి వెళ్లగా, నేను గట్టు మీద కూర్చుని ముంత మసాలా తిన్నాను. ఆ ఇరుకులో నాకు ఊపిరాడదు. ఇసుక తగ్గినట్టు అనిపించి అడిగితే, దక్షిణం నుంచి కెరటాలు మోసుకొచ్చే ఇసుకకు ఔటర్ హార్బర్ గోడలు అడ్డుపడటం వల్ల ఈ ఒడ్డు కోతకు గురవుతుందనీ, పోర్టువాళ్లు ఇసుకను తవ్వి తెచ్చి ఇటు పోస్తుంటారనీ వివరించారు. నడిచే పాదాలకు మాత్రం ఆ తేడా తెలియదు.

వైశాఖ పౌర్ణమికి సింహాచలం వెళ్లాం. అక్షయ తృతీయనాటి నిజరూప దర్శనం తరువాత స్వామికి చందనం నాలుగు విడతలుగా సమర్పిస్తారు. పౌర్ణమినాటిది రెండో విడత. జనం విపరీతంగా ఉన్నారు, దర్శనం రెప్పపాటు. అయినా గర్భగుడి దాటాక కూడా ఆ వాసన వెంట వచ్చింది. కొండ దిగాక సంపెంగలు నేను కొన్నాను, అనాసపళ్లు తాను కొంటానన్నారు మావారు. బేరమన్నది లేకుండా అడిగినంతా ఇచ్చేయబోతుంటే పర్సు నేను అందుకున్నాను.