మిషను రంపం మూలపడితే ముందుగా తాడు కాదు, ప్లగ్గు విప్పాలి

2021 నవంబరులో తిరుపతిని, చుట్టుపక్కల పల్లెలను ముంచెత్తిన వానలకు పాకాల దగ్గరి మా తోటలో రెండు పెద్ద మామిడి చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. వాటిని తొలగించడానికి చిత్తూరులోని ఒక కలప డిపోలో బేరమాడి కొన్న, పెట్రోలుతో నడిచే పాత మిషను రంపం (చెయిన్‌సా) రెండేళ్లు ఏ పేచీ పెట్టకుండా పని చేసింది. ఆ తర్వాత కొమ్మలు కొట్టే పని కూలీలకు అప్పగించడంతో, ట్యాంకులో అరవంతు పెట్రోలు ఉండగానే దానిని మోటారు షెడ్డులో ఒక మూలకు చేర్చాను. ఈ ఆగస్టులో, బెంగళూరా మామిడి కోతలు ముగిశాక, బోరుబావి మీదికి వంగిన ఒక ఎండుకొమ్మను తీసేయాలని దానిని బయటకు తెచ్చి, భుజం పట్టేసేదాకా స్టార్టు చేసే తాడు లాగాను. దగ్గు కూడా రాలేదు.

ఊళ్లో పంపుసెట్లు బాగు చేసే మెకానిక్కు చూపించగా, ఆయన రెండుసార్లు తాడు లాగి, పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్ పక్కనున్న స్క్రూలను అటూ ఇటూ తిప్పి, "పిస్టన్ పోయినాది సార్, దీని మింద ఖర్చు పెట్టేది దండగ" అన్నాడు. పిస్టన్ పోయిందని తాడు లాగే చేతికి తెలియాలి కదా అనిపించింది. ఇంటికి తెచ్చి, తాడు పిడిని పట్టుకుని రంపాన్ని గాలిలో వేలాడదీశాను. సిలిండరులో ఒత్తిడి లేని మిషనైతే తన బరువుకు తానే జర్రున కిందికి జారిపోతుంది. ఇది మాత్రం ప్రతి ఒత్తిడి దగ్గరా ఒక క్షణం ఆగి, మెట్లు దిగినట్టు ఆగి ఆగి దిగింది. బైకులు బాగు చేసే తెలిసినవాళ్ల దుకాణంలో గేజి పెట్టి చూస్తే ఒత్తిడి 130 పీఎస్ఐ చూపించింది. ఇలాంటి చిన్న ఇంజనుకు అది దిట్టమైన ఒత్తిడే. 90 కంటే దిగువకు పడిపోయి ఉంటే మెకానిక్కు మాటే నిజమయ్యేది.

తరువాత, సిలిండరులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పాను. చోకు వేసి పదిహేనుసార్లు లాగిన తర్వాత కూడా దాని మొన పొడిగానే ఉండడం నాకు దొరికిన మొదటి ఆధారం. ప్లగ్గు తడిసి ఉంటే పెట్రోలు అందుతోంది కాని మండడం లేదని అర్థం. అప్పుడు ప్లగ్గును ఆరబెట్టి, చోకు తీసేసి, ప్లగ్గు లేకుండానే నాలుగైదుసార్లు తాడు లాగి, లోపల నిండిన పెట్రోలును బయటకు పంపాలి. పొడిగా ఉంటే మాత్రం పెట్రోలు లోపలికి చేరడమే లేదు. అయినా నిప్పు సంగతి తేల్చుకోకుండా ముందుకు పోవడం నాకు నచ్చదు కనుక, ప్లగ్గును దాని టోపీలో గుచ్చి, దాని మరల భాగాన్ని సిలిండరు లోహానికి ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా నీడలో పట్టుకుని తాడు లాగాను. నీలిరంగు నిప్పురవ్వ స్పష్టంగా కనిపించింది. అది కనబడకపోతే ముందుగా ఆపే స్విచ్చు తీగను విడదీసి మళ్లీ చూడాలి. ఆ తీగ ఎక్కడో ఒరుసుకుని లోహాన్ని తాకుతున్నా నిప్పు రాదు, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోయిందని పొరపడి డబ్బు తగలేస్తాము.

నిప్పు ఉంది, ఒత్తిడి ఉంది. ప్లగ్గు రంధ్రంలో అరచెంచా నూనె కలిపిన పెట్రోలు పోసి, ప్లగ్గు బిగించి లాగితే రంపం రెండు క్షణాలు గర్జించి ఆగిపోయింది. అప్పటిదాకా అరుగు మీద కూర్చుని చూస్తున్న మా మేనల్లుడు "మామా, బతికే ఉండాది!" అని లేచి నిలబడ్డాడు. పోసిన చుక్క మండినంతసేపు తిరిగి, అది అయిపోగానే ఆగింది కనుక, తప్పు ట్యాంకుకూ సిలిండరుకూ మధ్య దారిలోనే ఉంది.

ట్యాంకులోంచి వంచిన కమ్మీతో ఫిల్టరును లాగితే, దానితో వచ్చిన గొట్టం బిరుసెక్కి ఉంది. చూపుకు బాగానే ఉన్నా, ట్యాంకు గోడలో దూరే చోట వేళ్లతో వంచగానే సన్నని పగులు నోరు తెరిచింది. పెట్రోలుకు బదులు గాలి పీలుస్తున్న గొట్టం అది. గొట్టమూ ఫిల్టరూ మార్చాను. అయినా మిషను లేవలేదు. ఇక కార్బొరేటర్ విప్పక తప్పలేదు.

బైకు కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే తేలే బుడ్డి ఉంటుంది. రంపాన్ని పక్కకు, తలకిందులుగా కూడా పట్టుకోవాలి కనుక దీనిలో అది ఉండదు. దాని బదులు రెండు పలుచని పొరలు ఉంటాయి. పిస్టన్ కింద ఉండే క్రాంక్ గదిలో దాని కదలికకు పుట్టే ఒత్తిడి పోటుకు ఒక పొర కొట్టుకుంటూ ట్యాంకు నుంచి పెట్రోలును తోడుతుంది. రెండో పొర ఇంజను పీల్పుకు లోపలికి వంగి, ఒక చిన్న మీటను నొక్కి, సూదిని పైకి లేపి, కావలసినంత పెట్రోలును మాత్రమే వదులుతుంది. నాలుగు స్క్రూలున్న మూత తీసి ఈ రెండో పొరను వేలికొనతో తాకాను. బెలూను తోలులా మెత్తగా ఉండవలసినది ఎండిన అప్పడంలా టకటకలాడింది. అవతలి మూత కింద గోరంత జల్లెడను లేపచ్చని జిగురు పూర్తిగా కప్పేసింది.

ఇది పెట్రోలు చేసిన పని, పెట్రోలును అలా వదిలేసిన నా పని. ఇప్పుడు మనకు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును పాడు చేస్తుంది. నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలులోని తేలిక భాగం ఆవిరై జిగురు మిగులుతుంది. కారు ట్యాంకు నెలకు నాలుగుసార్లు నిండుతుంది కనుక మనకు తెలియదు. ఏడాదికి పది రోజులు తిరిగే రంపమే దానిని అనుభవిస్తుంది.

పొరలు, గాస్కెట్లు (మూతల సందు మూసే పలుచని అట్టలు), సూది కలిపిన కిట్టు తిరుపతిలో 350 రూపాయలకు దొరికింది. కార్బొరేటర్‌ను క్లీనరుతో కడిగి, ప్రతి రంధ్రంలోనూ గాలి కొట్టి బిగించాను. బిగింపులో వరస ముఖ్యం. నా కార్బొరేటర్‌లో పెట్రోలును కొలిచి వదిలే రెండో పొర వైపు ముందు గాస్కెట్, దాని మీద పొర వస్తాయి. తోడే పొర వైపు ముందు పొర, దాని మీద గాస్కెట్. విప్పేటప్పుడే ఫోనుతో ఫొటోలు తీసుకోకపోయి ఉంటే నేనూ తారుమారు చేసేవాడినే. మెకానిక్కు తిప్పిన రెండు స్క్రూలను మెత్తగా చివరిదాకా మూసి, ఒక్కొక్క చుట్టు తెరిచి పెట్టాను.

కొత్త పెట్రోలు లీటరుకు 20 మిల్లీలీటర్ల మంచి టూస్ట్రోక్ నూనె కలిపాను. మందుల దుకాణంలో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి ఒకటి నిండుగా పోస్తే లెక్క సరిపోతుంది. అట్టడుగు రకం నూనె అయితే రెండు సిరంజిలు పోయాలి. రంపాన్ని నేల మీద పెట్టి, వెనక పిడిలో కాలు ఆనించి, చెయిన్ బ్రేకు వేసి లాగాను. మూడో లాగుకు దగ్గింది, చోకు తీసి ఐదోసారి లాగితే పొగ కక్కుతూ అందుకుంది.

ఐదు నిమిషాల తర్వాత మళ్లీ ఆగింది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ట్యాంకు మూత సడలించగానే ఉస్సుమని గాలి లోపలికి పోయి, ఒక్క లాగుకే మళ్లీ లేచింది. ట్యాంకుకు గాలి పోయే చిన్న రంధ్రం రంపపు పొట్టుతో మూసుకుపోయింది. దానిని ఊది శుభ్రం చేశాను. పేరుకున్న మసిని సైలెన్సర్ జాలీ నుంచి కూడా ఇనుప బ్రష్షుతో వదలగొట్టాను. ఇంజను నిదానంగా తిరిగేటప్పుడు కూడా చెయిన్ కదులుతూ ఉండడంతో, నిదానపు వేగాన్ని మార్చే స్క్రూను అది ఆగేదాకా వెనక్కి తిప్పాను.

బోరుబావి మీది కొమ్మ సాయంత్రానికి కింద పడింది. మిగిలిన పెట్రోలును ట్యాంకులోంచి వంపేసి, కార్బొరేటర్‌లో చుక్క కూడా మిగలకుండా దానంతటదే ఆగేదాకా తిప్పి, రంపాన్ని మళ్లీ మోటారు షెడ్డులోనే పెట్టాను.