ఎంత ఇస్తోందండీ?

రాత్రి 11 దాటింది. చిన్నది ఎప్పుడో నిద్రపోయింది, మా ఆయన కూడా దీపం ఆర్పేశారు. నేను మాత్రం సాయంత్రం పెట్రోలు బంకులో నా నోటి నుంచి వచ్చిన ఒక అంకెను తలుచుకుంటూ కూర్చున్నాను.

బంకులో నా ముందు వరసలో ఒక జీపు ఆగి ఉంది. నా దానికంటే చాలా పాతది. టాపు రంగు వెలిసి, వెనుక తలుపు మీది స్పేర్ చక్రం అరిగి ఉంది. కొత్త బండివాళ్లు పాత బండివాళ్లకు ముందుగా చెయ్యెత్తాలన్నది మా జీపువాళ్లలో ఉన్న మాట కాబట్టి, స్టీరింగు మీది నుంచి నాలుగు వేళ్లు ఎత్తాను. ఆయన చూశారు, చూసినట్టు నాకు స్పష్టంగా తెలుసు. కానీ చెయ్యెత్తలేదు. పంపు మీద తిరుగుతున్న అంకెల వైపు మరొకసారి చూసి, నా బండి దగ్గరికి నడిచి వచ్చి, నమస్కారమైనా లేకుండా అడిగిన మొదటి మాట, "మీది ఎంత ఇస్తోందండీ?"

నాకు కష్టం కలిగింది. ఈ నెలలో ఈ ప్రశ్న నన్ను అడిగిన మూడో మనిషి ఆయన. ఇంతకుముందు జీపువాళ్లు ఎదురైతే ఏ దారిన వచ్చారు, వాగులో నీళ్లు ఎంత లోతున్నాయి, ఆ టైర్లు బురదలో పట్టు ఇస్తున్నాయా అని అడిగేవారు. ఆ ప్రశ్నల్లో దారి ఉండేది, బండి ఉండేది, మనిషి ఉండేవాడు. డీజిల్ ధర పెరిగిన కొద్దీ అవన్నీ పోయి ఒక్క మైలేజీ మిగిలింది. మైలేజీ ఆలోచించి ఎవరూ జీపు కొనరు. నిటారుగా నిలబడిన ముందు అద్దం, పెట్టెలాంటి ఒళ్లు, గాలిని చీల్చుకుని కాక తోసుకుంటూ పోయే ఆకారం మా బండ్లవి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. దానికి తోడు పెద్ద టైర్లు, అదనపు ఇరుసు బరువు, పైన సామాను చట్రం. ఇవన్నీ తెలిసే ఎంచుకున్నాం కదా, ఇప్పుడు ఎదురుపడిన ప్రతివాళ్లం ఒకరినొకరం లెక్క అడగడం ఏమిటి అని లోలోపల అనుకుంటూనే ఉన్నాను.

1941లో అమెరికాలో విల్లీస్ కంపెనీ అక్కడి సైన్యానికి ఇచ్చిన జీపుకు తలుపులు ఉండేవి కావు, ముందు అద్దాన్ని బానెట్ మీదికి మడిచేవారు. ఈ చెయ్యెత్తడం ఆ యుద్ధకాలం నాటిదని మావాళ్లు చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, తలుపులు లేని బండిలో ఎదురుగా వచ్చే మనిషి మొత్తంగా కనబడతాడు కనుక నాకు ఆ మాట నమ్మబుద్ధవుతుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి ముడి చమురు ధర కొద్ది నెలల్లో నాలుగింతలైంది. అప్పుడు కూడా జీపులు నడిపినవాళ్లు ఉన్నారు. వాళ్లు చేతులు దించేసి ఉంటారా? ఇంటికి వచ్చే దారి పొడవునా ఇదే ఆలోచన, ధరలే మా పలకరింపును చంపుతున్నాయని.

ఇక్కడిదాకా టైపు చేశాక, ధరల మీద వేసిన ఆ నింద సరైనది కాదని అనిపిస్తోంది. ఖర్చు పెరిగిన దగ్గర నుంచి నేను గంటకు 60 కిలోమీటర్లు దాటడం లేదు, నాకు ఎదురయ్యే జీపులూ అలాగే వస్తున్నాయి. ఇద్దరం 100 మీద వస్తే సెకనుకు 55 మీటర్లకు పైగా దగ్గరవుతాం, 100 మీటర్ల దూరంలో గుర్తుపట్టినా రెండు సెకన్లు కూడా మిగలవు. 60 మీద అయితే మూడు సెకన్లు దొరుకుతాయి. ముఖం కనబడుతుంది, నవ్వు కనబడుతుంది, పక్క సీటులోంచి చిన్నది కూడా చెయ్యెత్తడానికి వ్యవధి ఉంటుంది. ఈ మధ్య రోడ్డు మీద జీపులు తగ్గిన మాట నిజమే, కానీ ఎదురైన వాళ్లలో చెయ్యెత్తకుండా పోయినవాళ్లు ఎవరని గుర్తు చేసుకుంటే ఒక్కరూ తట్టడం లేదు. సాయంత్రం ఆయన కూడా పోలేదు, దగ్గరికే వచ్చారు.

అసలు బాధ వేరే ఉంది. ఆయన అడిగితే నేను లీటరుకు 12 కిలోమీటర్లు అని చెప్పాను.

నా బండి 12 ఇవ్వదు, ఏనాడూ ఇవ్వలేదు. ట్యాంకు నింపి, మళ్లీ నింపే దాకా నడిపి, పుస్తకంలో రాసుకున్న లెక్క ప్రకారం అది 9. కంపెనీ టైరు 29 అంగుళాలది, నేను 31 వేయించాను. మీటరు చక్రం తిరిగిన చుట్లనే లెక్కిస్తుంది కాబట్టి అది 100 అని చూపినప్పుడు బండి దాదాపు 107 పోయి ఉంటుంది. ఆ తేడా కలిపినా పదికి చేరదు. మరి 12 ఎందుకన్నాను? ఆయన కంఠంలో ఉన్న దిగులు నా బండికి అంటకూడదని కాబోలు. చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. "నాది 8 కూడా రావడం లేదండీ" అని మెల్లగా అని వెళ్లిపోయారు.

బండి కొన్న ఏడాది ఒకరోజు ఏటి ఇసుకలో దిగబడ్డాను. నేను ఆక్సిలరేటర్ తొక్కుతూ ఇరుసు దాకా కూరుకుపోయాక, ఒడ్డున పోతున్న జీపు ఒకటి ఆగింది. దిగి వచ్చినాయన తాడు తీయలేదు. ఇంజను ఆపమన్నారు, నాలుగు టైర్లలో గాలిని 32 నుంచి 18కి తగ్గించారు, చక్రాల ముందు ఇసుక చేత్తో తోడారు, నాలుగు చక్రాలూ ఎక్కువ బలంతో నెమ్మదిగా తిరిగే ఫోర్ లో గేరులో వేసి క్లచ్ మెల్లగా వదలమన్నారు. బండి తనంతట తానే పైకి వచ్చింది. నేను సిగ్గుతో మాట్లాడలేకపోతుంటే, "కిందటేడు నేనూ ఇక్కడే దిగబడ్డానమ్మా, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు" అన్నారు. బ్యాటరీకి తగిలించే చిన్న పంపుతో మళ్లీ గాలి కొట్టేసరికి అరగంట పట్టింది. గాలి తక్కువున్న టైర్లతో రోడ్డెక్కితే టైరూ పాడవుతుంది, డీజిలూ ఎక్కువ తాగుతుందని అంతసేపూ చెబుతూనే ఉన్నారు. ఆయన పేరు అడగలేదు, ముఖం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. తనూ దిగబడ్డానని ఆయన అన్న మాట మాత్రం గుర్తుంది.

బంకులో ఆయన ఈ పాటికి ఇంట్లో కూర్చుని 8కీ 12కీ మధ్య తేడా ఏమిటని ఆలోచిస్తూ ఉంటారు. ఇంజెక్టర్లు పాడయ్యాయేమో, క్లచ్ జారుతోందేమో, బ్రేకు పట్టేసి ఉందేమో అనుకుంటారు. రేపు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, ఏ లోపమూ లేని బండిని విప్పించినా విప్పిస్తారు. డీజిల్ ఖర్చుకే అల్లాడుతున్న మనిషికి ఆ ఖర్చు నేను కల్పించినట్టవుతుంది. నాది 9 అని ఉంటే ఇద్దరం టైర్ల గాలి గురించి పది నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం.

మా ఆయనకు చెబితే, ఆ బంకుకు ఆయన మళ్లీ రాకపోరు, అప్పుడు చెప్పెయ్యి అన్నారు. రేపు సాయంత్రం అదే వేళకు వెళ్తాను. ట్యాంకులో ఇంకా సగానికి పైగా ఉంది, అయినా వెళ్తాను. లెక్కల పుస్తకం డాష్‌బోర్డు మీద పెట్టి వచ్చాను.