తడి టిష్యూతో తుడిచేశా

"అమ్మమ్మ విభూది పెడితే తుడుచుకోనివ్వవు కదా, మరి ఇదెందుకు తుడిచావ్?"

ఏడేళ్ళ పిల్ల అడిగింది. ఫిబ్రవరిలో అడిగింది, ఇప్పుడు మే నెల, నేనింకా జవాబు వెతుక్కుంటూనే ఉన్నా.

జరిగింది చెప్తా. ఆ రోజు బుధవారం. స్కూల్ దగ్గర కారెక్కుతుంటే దాని నుదుటి మీద నల్లగా ఏదో మరక, పెయింట్ అంటుకుందేమో అనుకున్నా, ఇంకో పది నిమిషాల్లో మా అమ్మతో వీడియో కాల్, చేతిలో తడి టిష్యూ ఉంది, ఒక్క తుడుపు తుడిచేశా. పెయింట్ అనుకున్నా అని ఇప్పుడు రాసింది కూడా అబద్ధమే. వారం ముందే స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది, ఆష్ వెన్స్‌డే మాస్ ఉంది, అంటే చర్చిలో ప్రార్థన, నుదుటి మీద బూడిదతో గుర్తు పెడతారు, పేరెంట్స్ కూడా రావచ్చు అని. చదివా, పక్కన పడేశా. కాబట్టి అదేంటో చూడగానే తెలుసు. మా అమ్మ చూస్తే ఏమంటుందో అని తుడిచా. మా అమ్మ ఏమీ అనేది కాదు, అది వేరే సంగతి.

పిల్ల ఏడవలేదు. ఏడిస్తే సముదాయించేదాన్ని, ఆ పని నాకు వచ్చు. కిటికీ వైపు తిరిగి కూర్చుని, "నువ్వు వచ్చుంటే నీక్కూడా పెట్టేవాళ్ళు, ఎవరికైనా పెడతారని ఫాదర్ చెప్పారు" అంది. అంతే, ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు.

అసలు ఆ కేథలిక్ స్కూల్‌ని ఏరికోరి ఎంచుకుంది నేనే. మాకు ఇంగ్లీషు మీడియం స్కూల్ అంటే చాలు 'కాన్వెంటు' అనేవాళ్ళు కదా, అక్కడ సిస్టర్లు ఉన్నా లేకపోయినా. నేను చదివింది కూడా అలాంటి కాన్వెంటే, నిజానికి అది ప్రొటెస్టెంట్ మిషన్ వాళ్ళ స్కూలు. మా నాన్న పదేళ్ళలో ఆ గేటు దాటింది రెండే సార్లు, ఒకటి నన్ను చేర్పించడానికి, రెండోది టీసీ తీసుకోడానికి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం కూడా ఇంట్లో కూర్చునే పెట్టేవాడు. స్కూల్ అంటే పిల్లని గేటు దగ్గర దింపి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యడం, అదే నాకు తెలిసిన పద్ధతి. డిసిప్లిన్ ఉంటుంది, చదువు బావుంటుంది, ప్రార్థనలంటావా, మేం చదవలేదా ఏంటి, మాకేమైనా అయిందా, ఇలా మా ఆయనకి నేనే నచ్చజెప్పా.

తీరా చేర్చాక తెలిసింది, ఈ స్కూల్‌కి పిల్ల ఒక్కతే చాలదు, మేం కూడా కావాలి. క్లాస్ మాస్‌కి రండి, మాస్ అయ్యాక హాల్లో టీ ఉంది కూర్చోండి, ఫెయిర్‌లో స్టాల్ దగ్గర గంట సేపు నిలబడేవాళ్ళు పేరివ్వండి, పాత యూనిఫామ్‌లు సర్దడానికి ఇద్దరు కావాలి, చిన్న క్లాసుల పిల్లల చేత పుస్తకం చదివించడానికి వారానికో అరగంట ఎవరొస్తారు. వాట్సాప్ గ్రూప్‌లో మిగతావాళ్ళు చేతులెత్తుతూనే ఉంటారు. నేను మాత్రం రెండేళ్ళ పాటు ఒకే జవాబు, అదీ గ్రూప్‌లో కాదు, మనసులో: మనం ఆ మతం కాదు కదా, మనం వెళ్తే ఏం బావుంటుంది.

ఎంత మర్యాదైన సాకో చూడండి. మతం ఊసే లేని స్కూల్లో వేసినా యూనిఫామ్‌లు సర్దడానికి నేను వెళ్ళేదాన్ని కాదు. బద్ధకం అని ఒప్పుకోడానికి నామోషీ, సంస్కృతి అని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. పోనీ ఆ సంస్కృతిని ఇంట్లోనైనా పట్టించుకున్నానా అంటే, దేవుడి పటాల దగ్గర దీపం వెలిగేది మా అత్తగారు వచ్చి మా ఇంట్లో ఉన్నన్నాళ్ళే.

డిసెంబర్లో నేటివిటీ నాటకానికి, అదే యేసు పుట్టుక కథకి మాత్రం ఇద్దరం వెళ్ళాం, ఫోన్లు పట్టుకుని. మా పిల్లకి తూర్పు దేశపు జ్ఞాని వేషం. అంతకు ముందేడు కూడా అదే వేషం, తూర్పు నుంచి వచ్చినవాళ్ళం కాబట్టి మాకది రిజర్వేషన్ అని మా ఆయన జోకు. చేతిలో డబ్బా పెట్టుకుని వెళ్ళి ఫ్రాంకిన్సెన్స్ ఇచ్చి దణ్ణం పెట్టింది. ఆ వీడియో చూసి మా అమ్మ "ఏం ఇచ్చిందే?" అంటే నాకు తెలుగు మాట తట్టలేదు, వెతికితే తెలుగు బైబిల్లో సాంబ్రాణి అని ఉంది. "ఓస్, సాంబ్రాణేనా" అంది మా అమ్మ. ఇంత తేలిగ్గా తీసుకునే మనిషికి భయపడి నేను టిష్యూ తీశానన్నమాట.

సరే, బూడిద గొడవ అయ్యాక పంతం పట్టి తర్వాత క్లాస్ మాస్‌కి సెలవు పెట్టి మరీ వెళ్ళా. పంతం అనే అంటున్నా, ప్రేమ అనడానికి మనసొప్పట్లేదు. వెనక బెంచీలో కూర్చున్నా. ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో తెలీక ముందువాళ్ళ వీపులు చూసి కాపీ కొడుతున్నా. అంతలో 'అవర్ ఫాదర్' ప్రార్థన మొదలైంది. అమ్మయ్య, ఇది నాకొచ్చు! పదేళ్ళు అసెంబ్లీలో రోజూ చెప్పిందేగా. పిల్ల వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచింది, అమ్మకి వచ్చా అని. ఇంకేం, గొంతు పెంచా. డెలివర్ అస్ ఫ్రమ్ ఈవిల్ దగ్గర అందరూ ఆగిపోయారు. నేను ఆగలేదు. ఫర్ దైన్ ఈజ్ ద కింగ్‌డమ్ అని గుడి మొత్తానికి వినపడేలా ఒక్కదాన్నే ఎత్తుకున్నా. కేథలిక్ మాస్‌లో అక్కడ ఆపుతారట, ఫాదర్ ఇంకో ప్రార్థన చెప్పాకే మిగతాది అందరూ కలిసి చెప్తారట, మా మిషన్ స్కూల్లో ఏకబిగిన చెప్పించేవాళ్ళు. పిల్ల గబుక్కున ముందుకి తిరిగిపోయింది.

హాల్లో టీ కప్పు పట్టుకుని ఎటు పారిపోదామా అని చూస్తుంటే పక్కనుంచి అచ్చ తెలుగులో, "మీరు ప్రొటెస్టెంట్ స్కూల్లో చదివారా అండీ?" అని నవ్వుతూ ఒకావిడ. నేనావిడని గేటు దగ్గర చాలాసార్లు చూశా. కేరళ వాళ్ళేమో అనుకున్నా. అడిగింది లేదు, మనవాళ్ళు కేథలిక్ అంటే కేరళ వాళ్ళే అని నా బుర్రలో ఎవరు రాశారో మరి. "మీ పాపతో మీరు తెలుగులో మాట్లాడ్డం రెండేళ్ళ నుంచి వింటున్నానండీ, ఎప్పుడూ హడావిడిగా వెళ్ళిపోతారు కదా, ఆపడం ఎందుకులే అని ఊరుకున్నా" అంది. పిల్లకి తెలుగు మాట్లాడే తోడు లేదని నేను మా అమ్మ దగ్గర వాపోయిన రెండేళ్ళు కూడా అవే.

బూడిద సంగతి ఆవిడకి చెప్పేశా. ఎందుకు చెప్పానో తెలీదు, చెప్పాక తేలిగ్గా అనిపించింది. "మేం దాన్ని విభూది బుధవారం అంటామండీ" అంది. నాకు నోట మాట రాలేదు. మాస్‌ని వాళ్ళింట్లో పూజ అనే అంటారు, చర్చిని గుడి అంటారు, కమ్యూనియన్‌ని, అంటే మాస్‌లో ఫాదర్ ఇచ్చే రొట్టెని, దివ్యసత్ప్రసాదం అంటారు. నేను ఏ మాటలు కాపాడుకోవాలని బయట నిలబడ్డానో ఆ మాటలన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి, రోజూ వాడుకుంటోంది కూడా.

ఇదంతా మా పిల్ల వింటోందని చూసుకోలేదు. వాళ్ళ క్లాసులో సగం మంది ఫస్ట్ కమ్యూనియన్‌కి, అంటే దాన్ని మొదటిసారి తీసుకోడానికి తయారవుతున్నారు, ఆ రోజు ఆడపిల్లలు తెల్ల గౌను వేసుకుంటారు. 1910లో పదో పయస్ పోపు ఆ వయసుని ఏడేళ్ళ దగ్గరికి తెచ్చారట, అందుకే సరిగ్గా ఇప్పుడు మా ఇంట్లో తెల్ల గౌను గొడవ. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే అది అని, మిగతా పిల్లలు చేతులు గుండెల మీద కట్టుకుని వెళ్తే ఫాదర్ దీవిస్తారని టీచర్ ఎంతో ఓపిగ్గా చెప్పారు. కానీ మా పిల్ల పట్టుకున్నది ఆవిడ అన్న ఆఖరి మాట. "ప్రసాదం అయితే అందరికీ పెట్టాలి కదా ఆంటీ?"

ఆవిడ నవ్వింది, తర్వాత ఆగింది. "అది... అలా కాదమ్మా" అని నా వైపు చూసింది. నేను టీ వైపు చూశా.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతికా, పిల్లకి చెప్పడానికి ఏమైనా దొరుకుతుందేమో అని, ఇంకా నిజం చెప్పాలంటే వాళ్ళదే తప్పు అనడానికి ఏమైనా దొరుకుతుందేమో అని. 1965 అక్టోబర్ 28న రెండో వాటికన్ సభ, అంటే కేథలిక్ బిషప్పుల మహాసభ, ఒకే రోజు వెలువరించిన ప్రకటనల్లో రెండు దొరికాయి. చదువు గురించి ఉన్నదాంట్లో బిడ్డకి మొదటి గురువులు తల్లిదండ్రులే అని ఉంది. ఇతర మతాల గురించి ఉన్న రెండోదాంట్లో హిందూమతం పేరు పెట్టి మరీ ప్రస్తావించి, ఈ మతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ దేన్నీ చర్చి తోసిపుచ్చదు అని రాశారు. కొట్లాడదామని వెళ్తే కుర్చీ వేసి కూర్చోమన్నట్టుంది. రెండోది చదివి ఊరట పడ్డా, మొదటిది చదివి ఫోన్ పక్కన పెట్టేశా.

మొన్న ఒకావిడ తన కొడుకుని ఇలాంటి స్కూల్లో వేస్తున్నా, ఏమైనా సలహా చెప్పండి అని అడిగితే పెద్ద ఆరిందాలా మొదలుపెట్టా. అప్లికేషన్‌తో పాటే మీ ఇంటి సంగతి టీచర్‌కి చెప్పెయ్యండి, నెలకో కార్యక్రమానికైనా వెళ్ళండి, దేవుడి దగ్గర కూర్చోవడం ఇబ్బందైతే కుర్చీలు సర్దే పనికి పేరివ్వండి, పిల్లాడు ఇంటికి ఏం తెచ్చినా వెంటనే మొహం చిట్లించకండి. చెప్తూ చెప్తూ మధ్యలో నాకే అనుమానం వచ్చింది. కుర్చీలు సర్దితే సరిపోతుందా? నమ్మకం లేకుండా వెళ్ళి కూర్చోవడం వాళ్ళని మోసం చెయ్యడం కాదా? పోనీ నాకు ఏ నమ్మకం ఉందని? పిల్ల రేపు నిజంగానే ఆ తెల్ల గౌను కావాలంటే నేను ఇంతే సరదాగా ఇలా రాస్తానా? రాయను. మళ్ళీ టిష్యూ వెతుక్కుంటానేమో. ఆవిడకి ఇవేవీ చెప్పలేదు, స్కూల్ మంచిదండీ అని ముగించేశా.

ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్ నలభై రోజులూ ఏదో ఒకటి వదులుకోవాలని పిల్ల ఐప్యాడ్ వదిలింది, నన్ను ఫోన్ వదలమంది. నాలుగో రోజు బాత్రూంలో చూస్తూ దొరికిపోయా.

మట్టల ఆదివారం నాడు (పామ్ సండేకి ఈ మాట కూడా ఆవిడ ఇచ్చిందే) పిల్ల ఒక ఎండు మట్టతో చేసిన చిన్న సిలువ తెచ్చి నన్నడక్కుండా దేవుడి పటాల పక్కన, విభూది భరిణె వెనకాల నిలబెట్టింది. మా ఆయన చూసి "ఇక్కడెందుకు ఇది" అన్నాడు. వచ్చే ఏడు దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలట, పాత మట్టలన్నీ కాల్చి ఆ బూడిదే పెడతారట, "అప్పుడు మనింటిది కూడా అందరి నుదుటి మీదా ఉంటుంది" అని పిల్ల వాళ్ళ నాన్నకి వివరించింది. తీసుకెళ్ళి ఇచ్చే పని నాకు అప్పజెప్పింది, లోపలిదాకా రావాలని షరతు.

ఎప్పుడో వచ్చే ఏడాది మాట, అయినా క్యాలెండర్లో రాసుకున్నా. నువ్వూ రారాదూ అని మా ఆయన్నడిగితే, "మనం ఆ మతం కాదు కదా" అన్నాడు. పిల్ల నా వైపు చూసింది.