మూసీ వరద ఫొటో వెంట తార్నాక దాకా

1908 మూసీ వరదదంటూ ఒక ఫొటో చాలా ఏళ్లుగా చేతులు మారుతోంది. కూలిన వంతెన, గట్టు మీద జనం. కింద ‘పురానాపూల్, ఫొటో: రాజా దీన్‌దయాళ్’ అని ఉంటుంది. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ కదా, ఎవరికీ అనుమానం రాదు. కానీ దీన్‌దయాళ్ 1905లోనే పోయారు. వరద వచ్చింది 1908 సెప్టెంబర్ 28న. ఆయన పేరుతో స్టూడియో తర్వాత కూడా నడిచింది కాబట్టి ఆ పేరు అలా అంటుకుపోయి ఉండవచ్చు.

ఈ చిక్కు తేల్చుకోవాలని తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కి వెళ్లాను. షాజహాన్, ఔరంగజేబు కాలపు పారశీ కాగితాలే లక్షకు పైగా ఉన్న చోటు అది. కాలేజీ నుంచి ఉత్తరం, ఆధార్ కాపీ, దరఖాస్తు. అక్కడి దాకా ఇబ్బందేమీ లేదు.

అసలు పని జాబితాల దగ్గర మొదలైంది. నిజాం ప్రభుత్వం ఫైళ్ల మీద ఫసలీ సంవత్సరం, అంటే పంటల లెక్కతో నడిచే సంవత్సరం వేసేది. అది అక్టోబర్‌లో ఆజర్ నెలతో మొదలవుతుంది. అందుకే ఇంగ్లీషు సంవత్సరం రావాలంటే ఫసలీ అంకెకు, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా తేదీలైతే 591, ఆ తర్వాతివైతే 590 కలపాలి. వరద వచ్చింది సరిగ్గా 1317 ఫసలీ ఆఖరి రోజుల్లో! వరద వార్త ఒక ఏడాదిలో, సహాయం, మరమ్మతుల లెక్కలు మరో ఏడాదిలో పడతాయి. “1318 కూడా రాయండి మేడమ్, లేకపోతే సగమే దొరుకుతుంది” అని అక్కడి ఉద్యోగి చెప్పారు. ఎంత మేలు చేశారో!

1884 నుంచి అధికార భాష ఉర్దూ. నాకు అచ్చు ఉర్దూ కూడబలుక్కుని చదవడం వచ్చు కానీ గుమాస్తాల గొలుసు రాత కొరుకుడు పడదు. మా వీధిలో ఉండే రిటైర్డ్ ఉర్దూ మాస్టారిని బతిమాలి తీసుకెళ్లాను. “మనుషుల పేర్లు తర్వాత చూద్దాం, ముందు మొహల్లా పేరు పట్టుకోమ్మా” అన్నారాయన. దాంతో దారి దొరికింది. ఫొటోను పక్కన పెట్టుకుని ఒక్కో పేట పేరూ చదువుతుంటే, అంతవరకూ బొమ్మలా చూసిన గట్టు మీద ఇళ్లూ మనుషులూ ఉన్నారని ఒంటికి తెలిసింది.

అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు ఆ వరదకు కొట్టుకుపోయాయి. 1578లో కట్టిన పురానాపూల్ మాత్రం దెబ్బతిన్నా నిలబడింది. ఫొటోలో వంతెనకు నడుమ భాగమే లేదు. కాబట్టి అది పురానాపూల్ కాదు, కొట్టుకుపోయిన మూడింటిలో ఒకటి. నా కాపీ వెనక పాత రాత కొట్టేసి ‘1908 వరద తర్వాత, కూలిన వంతెన’ అని మాత్రం రాసుకున్నాను.

ఆ తర్వాత 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఆయన సూచనతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తికావడం మనకు తెలిసిన కథే. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు గురించి అంతగా మాట్లాడుకోం. నది ఒడ్డున ఎవరి ఇళ్లు తీసేశారు, వాళ్లు ఎక్కడికి వెళ్లారు? ఈసారి ఆ బోర్డు ఫైళ్ల కోసం దరఖాస్తు పెట్టాను. మాస్టారు కూడా వస్తానన్నారు.