యానాంలో షిరాజ్, పులస, వేట మాంసం

గోదావరికి ఎర్రనీరు వచ్చిందని అక్కయ్య ఫోనులో చెప్పిన వారానికే నేను యానాం చేరుకున్నాను. కాకినాడ నుంచి వచ్చే దారీ, ఊరు దాటగానే కనిపించే ఎదుర్లంక వారధీ అందరికీ తెలిసినవే కనుక వాటిని విడిచిపెట్టి, నన్ను ఆశ్చర్యపరచిన భోజనం గురించే రాస్తాను.

1954 దాకా ఫ్రెంచివారు ఏలిన ఊరిలో ఉంటూ పులసను రెడ్ వైన్‌తో తినకపోవడం పెద్ద లోపమని మా బావగారి చిరకాలపు అభిప్రాయం. పులస ధర వేలల్లో పలికి మనసు చివుక్కుమనిపించినా, పుదుచ్చేరి పన్నులు వేరు కావడం వల్ల వైన్ మాత్రం హైదరాబాదు కంటే చవకగానే దొరికింది. అయితే ఆ దుకాణంలో అరలన్నీ బ్రాందీ, విస్కీలవే. ఉన్న కొద్దిపాటి వైన్ సీసాలనూ ఎండ తగిలేచోట నిలబెట్టారు. వేడికి వైన్‌లోని తాజా పండ్ల వాసన పోయి ఉడికిన వాసన వస్తుంది. డబ్బు పెట్టి కొనేవారి పట్ల ఇంత నిర్లక్ష్యం తగదు. లోపలి పెట్టెలో ఉన్న నాసిక్ షిరాజ్‌ను, అంటే షిరాజ్ అనే నల్లద్రాక్షతో చేసిన రెడ్ వైన్‌ను, అడిగి తీయించుకున్నాము.

ఇటువంటి గాఢమైన వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. ఆ ఉక్కలో అలాగే తాగితే ఆల్కహాల్ ఘాటు తప్ప మరేమీ తెలియదు కనుక, ఐసుముక్కలు వేసిన నీళ్లలో సీసాను కాసేపు ఉంచి తీశాము. గ్లాసులో పోయగానే నలుపు తిరిగిన ఊదారంగు, నేరేడుపండును తలపించే వాసన, దాని వెనుకనే నల్లమిరియాల ఘాటు. ఆ ఘాటు మన ఊహ కాదు: మిరియాలలో ఉండే రొటండోన్ అనే పదార్థమే షిరాజ్ ద్రాక్షలోనూ ఉన్నదని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో వెల్లడించారు. గుటక వేశాక లేత వక్క నమిలినట్టు నోరు పట్టేసింది. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి దిగే టానిన్ అనే పదార్థం మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడమే ఆ వగరుకు కారణం.

అక్కయ్య ముందురోజే మట్టికుండలో వండి ఉంచిన పులస పులుసు ముక్కను నోట పెట్టుకుని, వెంటనే వైన్ తాగాను. చేపలోని కమ్మదనమంతా మాయమై, నాలుక మీద ఇనుప రుచి, నీచువాసన మిగిలాయి. రెడ్ వైన్‌లో ఉండే ఇనుమే చేపతో కలిసినప్పుడు ఆ నీచును పుట్టిస్తుందని జపాన్ పరిశోధకులు 2009లో చూపారు. దానికి తోడు చింతపండు పులుపు ముందు వైన్ చప్పబడింది, పచ్చిమిర్చి మంటను ఆల్కహాల్ రెట్టింపు చేసింది. సముద్రం నుంచి వరదకు ఎదురీది వచ్చిన చేపకు ఇది అన్యాయమని నాకు నిజంగా బాధ కలిగింది.

"తమ్ముడూ, ఆ గ్లాసు పక్కన పెట్టి తిను. పులసకి ఇంకో తోడెందుకురా?" అని అక్కయ్య మందలించింది. బావగారు మాత్రం మౌనంగా రెండు ముక్కలు వైన్‌తోనే తిని, తరువాత గ్లాసు దూరం జరిపారు.

అసలు ఆశ్చర్యం రాత్రి భోజనంలో ఎదురైంది. అక్కయ్య వేట మాంసాన్ని కొవ్వు తీయకుండా, ఎండుమిర్చి తగ్గించి, దంచిన మిరియాలు దండిగా వేసి, నూనె తేలేదాకా వేయించింది. మధ్యాహ్నం నోరు పట్టేసిన ఆ వైనే ఆ వేపుడుతో మెత్తబడింది. టానిన్ ఈసారి మాంసంలోని ప్రోటీన్లను పట్టుకున్నది, ఉప్పూ కొవ్వూ వగరును అణచాయి, మిరియాలకు మిరియాలు తోడై నేరేడు వాసన మళ్లీ పైకి లేచింది. కొవ్వు పేరుకున్న నోటిని వైన్ శుభ్రం చేస్తూంటే ప్రతి ముద్దా మొదటి ముద్దలాగే రుచించింది. అదే మాంసం గోంగూరతో వండి ఉంటే ఆ పులుపుకు షిరాజ్ నిలిచేది కాదని నా అభిప్రాయం.

"పులసకి వైట్ వైన్ తెచ్చి చూద్దామండీ, పులుపున్నదైతే నిలబడుతుంది" అని బావగారు తన నమ్మకాన్ని కొంత సవరించుకున్నారు. చివర్లో అక్కయ్య ఆత్రేయపురం పూతరేకులు తెచ్చింది. తీపి తిన్న నోటికి ఇటువంటి వైన్ చేదుగా, పుల్లగా తగులుతుంది కనుక గ్లాసులు ఖాళీ చేశాకే వాటిని విప్పాము.